రెండు ఓట్లు, ఒక మురుగు కాలువ

శ్రోతలకు నమస్కారం. బ్రహ్మపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో ఈ మాటలు వింటున్న తెలుగువారికి ఒక చిన్న పరీక్ష. 2022 మార్చిలో పురపాలక ఎన్నికలు జరిగాయి కదా. అప్పుడు మనం రెండు ఓట్లు వేశాం. ఒకటి వార్డు సభ్యుడికి, రెండోది మేయరుకో చైర్‌పర్సన్‌కో. ఆ ఇద్దరిలో ఎవరి పేరు ముందు గుర్తుకొస్తోంది?

మేయరు పేరేనని నా అనుమానం.

ఒడిశాలో ఆ రెండో ఓటు కొత్తది. అంతకుముందు గెలిచిన సభ్యులే తమలో ఒకరిని పీఠం మీద కూర్చోబెట్టేవారు. అలాంటి పద్ధతి ఉన్నచోట ఏం జరుగుతుందో మనకు తెలుసు: ఓట్లు లెక్కించిన రాత్రే బేరాలు, సభ్యులను ఊరు దాటించి హోటళ్లలో దాచడాలు. ఇప్పుడు పట్టణమంతా కలిసి నేరుగా ఎన్నుకుంటోంది. మంచి మార్పే, కాదనను. అయితే కార్పొరేషనుకు కమిషనరును పంపేది ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వమే. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి, పురపాలక సంఘాలకు తగిన 18 పనుల జాబితా ఇచ్చింది. అందులో ఏది, ఎంత అప్పగించాలన్నది మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంది.

ఇంకో సంగతి. పాలకవర్గం గడువు ఐదేళ్లని, అది తీరకముందే ఎన్నికలు జరగాలని అదే సవరణ చెబుతోంది. 2013లో ఎన్నికైనవారి గడువు 2018లో తీరింది. మళ్లీ ఓటు వేసింది 2022లో! ఆ మధ్యకాలమంతా అధికారుల పాలనే. కాలువ పూడితే చెప్పుకోవడానికి వీధిలో మనిషి లేడు. మళ్లీ చెబుతున్నాను, వీధిలో మనిషి లేడు. అందుకే నాకు మేయరు ఓటు కన్నా వార్డు ఓటే పెద్దదిగా కనిపిస్తుంది. మేయరు ఊరంతటికీ ఒక్కరు. వార్డు సభ్యుడు మన కాలువ దాటే ఇంటికి వెళ్లాలి.

ఇక పనికొచ్చే మాట ఒకటి. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణంలో వార్డు కమిటీలు ఉండి తీరాలని రాజ్యాంగం చెబుతోంది. 2011 లెక్కల్లోనే బ్రహ్మపురం మూడున్నర లక్షలు దాటింది. కాబట్టి బ్రహ్మపురం శ్రోతలూ, మీ వార్డు ఏ కమిటీ కిందికి వస్తుందో, దాని సమావేశం ఎప్పుడో మీ కార్పొరేటరును అడగండి. తేదీ చెప్పలేకపోతే ఆ ప్రశ్ననే కాగితం మీద రాసి కార్యాలయంలో ఇవ్వండి. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవకండి. చిన్న పట్టణాలవారికి కమిటీ తప్పనిసరి కాకపోయినా, కాగితం, ముద్ర ఎక్కడైనా పనిచేస్తాయి. ఒడియాలో రాయడానికి జంకితే బడికి వెళ్లే మనవడి చేతనో మనవరాలి చేతనో రాయించండి. మనకన్నా వాళ్లకే బాగా వచ్చు.