చుక్కలా కనిపించే నక్షత్రంలో కరోనా ఎక్కడుంది?

[దృశ్యం: చీకట్లో దూరంగా రొయ్యల గుంటల దీపాలు, వాటికి అడ్డంగా తాటితోపు నీడ.]

కావలి నుంచి తీరం వైపు రాత్రిపూట వెళ్లేటప్పుడు, రొయ్యల గుంటల గట్ల మీది దీపాలన్నీ దూరానికి ఒకే వెలుగుగా కలిసిపోతాయి. దారిలో తాటితోపు అడ్డు వచ్చినప్పుడు మాత్రం ఆ వెలుగు ఒక్కసారిగా పోదు. ముందు అంచున ఉన్న దీపం, తరువాత నాలుగు కలిసి, చాలాసేపటికి చివరిది మరుగవుతాయి. ఏ క్షణంలో ఎంత వెలుగు తగ్గిందో రాసుకుంటే, దీపాలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో దగ్గరకు వెళ్లకుండానే చెప్పవచ్చు. నక్షత్రాల చుట్టూ ఉండే అతి వేడి వాయుపొర అయిన కరోనా ఆకృతిని కనిపెట్టే పద్ధతులలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

సూర్యుని ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, పైనున్న కరోనా 10 లక్షల డిగ్రీలు దాటి ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది. అవి మన వాతావరణాన్ని దాటి నేలకు చేరవు కనుక టెలిస్కోపు అంతరిక్షంలో ఉండాలి. 2015 సెప్టెంబరు 28న, అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అటువంటిదానినే మోసుకువెళ్లింది.

కరోనా మొత్తం ప్రకాశం సాంద్రత వర్గాన్ని ఘనపరిమాణంతో గుణించిన విలువపై ఆధారపడుతుంది. కాబట్టి పలుచని పెద్ద కరోనా, చిక్కని చిన్న కరోనా ఒకే ప్రకాశాన్ని ఇవ్వగలవు. సాంద్రత పది రెట్లు ఎక్కువనుకుంటే ఘనపరిమాణం నూరో వంతుకు పడిపోతుంది. ఈ చిక్కును విడదీసేది ఆక్సిజన్. ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ అయాన్ వర్ణపటంలో 21.8, 22.1 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యాల వద్ద రెండు రేఖలు ఉంటాయి. వాయువు చిక్కబడినకొద్దీ, 22.1 రేఖను ఇవ్వవలసిన అయాన్‌ను ఎలక్ట్రాన్లు ఢీకొని 21.8 రేఖనిచ్చే స్థితికి నెట్టివేస్తాయి కనుక, ఆ రెండింటి నిష్పత్తే సాంద్రతను చెబుతుంది.

[దృశ్యం: ఒకదాని వెనుకకు మరొకటి జరిగే జంట నక్షత్రాలు.]

సాంద్రత తెలిస్తే కరోనా ఎంత చోటు ఆక్రమించిందో తెలుస్తుంది గాని, ఎక్కడుందో తెలియదు. అందుకు తాటితోపు కావాలి. ఉత్తర కిరీట మండలంలోని ప్రధాన నక్షత్రం నిజానికి ఒక జంట. దానిలో సూర్యునివంటి నక్షత్రం సుమారు 17 రోజులకొకసారి తనకన్నా పెద్దదీ వేడిదీ అయిన తోడు వెనుకకు వెళుతుంది. ఆ వేడి నక్షత్రపు పైపొరల్లో, కరోనాకు కావలసిన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే ఉష్ణసంవహనం (వేడి వాయువు పైకీ కిందికీ కదలడం) దాదాపు లేదు. అందువల్లే రోసాట్ ఉపగ్రహం చూసినప్పుడు గ్రహణ సమయంలో ఎక్స్ కిరణాలు పూర్తిగా మాయమయ్యాయి. అవి తగ్గి, మళ్లీ పెరిగిన తీరునుబట్టి చిన్న నక్షత్రంపై వెలుగు మచ్చలు ఎక్కడున్నాయో గుర్తించారు.

వెలుగు తగ్గి పెరిగే ఒకే వక్రానికి మచ్చల పటాలు ఒకటికి మించి సరిపోవచ్చు గనుక ఈ లెక్కలో జాగ్రత్త అవసరం. 1997 ఆగస్టులో ఆల్గోల్ జంటలో రేగిన భారీ జ్వాల మాత్రం పూర్తిగా గ్రహణంలో మరుగై, మళ్లీ బయటపడింది. ఆ సమయాలనుబట్టి అది తాను రేగిన నక్షత్రపు దక్షిణ ధ్రువం పైన, వ్యాసార్ధంలో 0.6 వంతుకు మించని ఎత్తులో ఉన్నదని తేలింది.