ఇనుము సంగతి ఎవరికి తెలియదు?

వేదిక మీది పెద్దలకు, చెన్నైలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

అప్పీళ్ల గురించి చెప్పమన్నారు. పేటెంటు దరఖాస్తు తిరస్కరిస్తే 117ఏ సెక్షన్ కింద మూడు నెలల్లో అప్పీలు వేయాలి. 2021లో అప్పీలు బోర్డు ఎత్తేశాక అవి హైకోర్టుకే వెళ్తున్నాయి. అంతే. ఇక నా బాధ వినండి.

మా క్లయింటు కుర్రాడొకడు సోడియం బ్యాటరీకి ఎలక్ట్రోడ్ పదార్థం చేశాడు. ఏ లోహాలో చెప్పను, కేసు నడుస్తోంది. దాని పేటెంటు దరఖాస్తును తిరస్కరిస్తూ పేటెంటు ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వులో అసలు కారణం నాలుగు లైన్లు. ఒక పాత పత్రంలో ఈ లోహం ఉంది, ఇంకోదాంట్లో ఆ లోహం ఉంది, కలపడం ఈ రంగం తెలిసినవాడెవడికైనా తట్టేదేనట, అందుకే పేటెంటు ఇవ్వరట! ఎందుకు తడుతుందయ్యా? ఒక్క ముక్క లేదు.

ఇనుమునే తీసుకోండి. చవక. లిథియం బ్యాటరీ ఎలక్ట్రోడ్‌లో వాడితే బాగుండునని ఎవరికి తెలియదు? ఆక్సైడ్‌గా వాడితే వోల్టేజీ చాలలేదు. మన ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ చేసిన అరుముగం మంతిరం, బ్యాటరీ శాస్త్రవేత్త జాన్ గుడినఫ్‌తో కలిసి 1980లలో ఇనుప సల్ఫేట్‌తో వోల్టేజీ పెరుగుతుందని చూపించారు. 1997లో అక్షయ పాఢి, గుడినఫ్ బృందం ఫాస్ఫేట్‌తో 3.4 వోల్టుల దాకా తెచ్చింది. అయినా ఛార్జి చేస్తే అందులోని లిథియంలో 60 శాతమే బయటికొచ్చింది. రేణువులు సన్నగా చేసి కార్బన్ పూత వేశాక గానీ దారికి రాలేదు. ఇవాళ అది కార్లలో తిరుగుతోంది. జవాబు చూశాక ఏ లెక్కైనా తేలికే!

సల్ఫేట్ తెలిసినవాడికి ఫాస్ఫేట్ తట్టదా అని మీరడగొచ్చు. అడగాలి కూడా. తడుతుందంటే తడుతుందనే రాయండి, కాదనను. ఏం చూసి తడుతుందో రాయండి. నా గొడవంతా అదే.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. ఒక్క నిమిషం, అన్నగారూ.

పిల్లలూ, మా కుర్రాడి రిజిస్టర్ చూడండి: అల్యూమినియం రేకు మీద పూత పెచ్చులూడిన రోజు, పదో ఛార్జికే చచ్చిన కాయిన్ సెల్ (నాణెమంత పరీక్ష బ్యాటరీ), పక్కన తేదీ, గైడ్ సంతకం. వాటిలో ముఖ్యమైనవి దరఖాస్తులోనూ పెట్టాం. ఉత్తర్వు వాటి జోలికే పోలేదు. అప్పీల్లో మా మొదటి పాయింటు అదే. మీరూ చెడిపోయిన సెల్ లెక్కలు పారేయకండి, తేదీ వేసి రాయండి.

వాయిదా వచ్చే నెల. వినడానికి వస్తామనేవాళ్లు బయట నన్ను కలవండి.