మిల్లు ఓనరు కట్టిన ఊరు, ఇప్పటికీ ఆయన మాటే

(వీధి బోర్డుల షాట్లు)

ఈ బోర్డులు చూడండి. కారొలైన్ స్ట్రీట్, ఏడా స్ట్రీట్, హెలెన్ స్ట్రీట్, హెర్బర్ట్ స్ట్రీట్... ఎవరింట్లోనో హాజరు తీసుకుంటున్నట్టు లేదూ? నిజంగా ఇంట్లో వాళ్ల పేర్లే. కారొలైన్ భార్య, మిగతావాళ్లు పిల్లలు. ఊరి పేరు సాల్టేర్, ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ పక్కన. టైటస్ సాల్ట్ అనే మిల్లు ఓనరు తన పేరుకి, అక్కడ పారే ఏర్ నది పేరు తగిలించి పెట్టాడు.

సాల్ట్ డబ్బు చేసుకున్నది అల్పాకా అనే జంతువు ఉన్నితో. దక్షిణ అమెరికా నుంచి వచ్చే ఆ ఉన్నిని వడకడం కష్టమని మిగతా వ్యాపారులు పెద్దగా పట్టించుకోలేదు, ఈయన మాత్రం పట్టుబట్టి దాంతో పట్టులా మెరిసే బట్ట నేయించాడు. ఆడవాళ్ల గౌన్లకు అది తెగ అమ్ముడుపోయింది.

అప్పటి బ్రాడ్‌ఫర్డ్ అంటే మిల్లు గొట్టాల పొగ, మురుగు. 1849లో కలరా వచ్చినప్పుడు ఆ ఊరి మేయర్ సాల్టే. ఆ తర్వాత మిల్లుని ఊరి బయటికి, ఒక పక్క కాలువ, ఇంకో పక్క రైలు ఉన్న చోటికి మార్చాడు. 1853 సెప్టెంబర్ 20న, తన యాభయ్యో పుట్టినరోజున ప్రారంభించాడు.

(రాతి ఇళ్ల వరస)

తర్వాత ఇళ్లు, 800కి పైనే. నీళ్లు, గ్యాస్, ప్రతి ఇంటికీ సొంత మరుగుదొడ్డి, ఆ రోజుల్లో కూలివాళ్లకు ఇవి మామూలు విషయం కాదు. ఓవర్‌లుకర్లకి, అంటే పని చేయించేవాళ్లకి, పెద్ద ఇళ్లు. సైజు చూసి ఎవరి ఇల్లో చెప్పేయొచ్చు. బడి, చర్చి, ఆసుపత్రి, పార్కు అన్నీ ఉన్నాయి, పబ్ మాత్రం లేదు. సాల్ట్ పెట్టనివ్వలేదు! (చాలా ఏళ్లకి అక్కడ ఒక బార్ వచ్చింది, దాని పేరు 'డోంట్ టెల్ టైటస్'.)

మంచివాడే అనుకోండి, కానీ జీతం ఇచ్చేవాడూ ఇంటి ఓనరూ ఒక్కడే అయితే, పనిలో గొడవ పడ్డ రోజు రాత్రి నిద్ర పడుతుందా? నాకైతే ఆ టెన్షన్ పడదు.

1986లో మిల్లు మూతపడింది. మరుసటేడు జోనథన్ సిల్వర్ అనే వ్యాపారి కొని, బ్రాడ్‌ఫర్డ్‌లోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ గీసిన బొమ్మలు అందులో పెట్టాడు. 2001లో ఊరు యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దాంతో టూరిస్టులు వచ్చారు సరే, ఆ ఇళ్లు సొంతానికి కొనుక్కున్నవాళ్ల సంగతి చూడండి: అవి చట్టం కాపాడే పాత కట్టడాలు కాబట్టి, పాత కిటికీ తీసేసి ప్లాస్టిక్‌ది బిగిద్దామన్నా ముందు కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకోవాలి.