నిక్కర్ ఎలాస్టిక్కు, క్వేజార్ గీతలు

పోయిన వీడియోలో క్వేజార్ (దూరాన గెలాక్సీ నడుమ గ్యాస్ మింగుతా వెలిగిపోయే పెద్ద బ్లాక్ హోల్) వెలుగులో హైడ్రోజన్ అల్ట్రావయొలెట్ గీత నేలమీది నుంచే కనపడతాదని చెప్పినా కదా, దాని కింద మళ్ళీ అదే మాటప్పా, "అల్ట్రావయొలెట్ ఓజోన్ దగ్గరే ఆగిపోతాది కదన్నా, నేలమీది టెలిస్కోప్‌లో ఆ గీత యాడ కనపడింది, ఏం కథలు చెప్తాండావ్" అని. ఈ పొద్దు దీన్ని తేల్చేస్తా.

ఇదో, అనంతపురం పాతూర్లో టైలరన్న దగ్గర జానెడు నిక్కర్ ఎలాస్టిక్ తెచ్చినా. ఎందుకురా అన్నాడు, క్వేజార్ కోసమన్నా అంటే ఇంకేం అడగలే. దీనిమీద పెన్నుతో నాలుగు గీతలు గీసినా, ఒక్కో గీత అంటే ఏదో ఒక మూలకం గ్యాస్ బాగా మెరిసే అలపొడవు (వేవ్‌లెంగ్త్) అనుకోండి. హైడ్రోజన్ లైమన్ ఆల్ఫా 121.6 నానోమీటర్లు, కార్బన్ 154.9, మెగ్నీషియం 279.8, చివర్లో హైడ్రోజన్‌దే ఇంకో గీత హెచ్-బీటా 486.1. గాలి 300 కిందిది రానీదు కాబట్టి మన కిటికీ 300 నుంచి 1000 దాకా అనుకోండి. లాగకముందు కిటికీలో ఉండేది హెచ్-బీటా ఒక్కటే.

ఇప్పుడు లాగుతాండా చూడండి. విశ్వం విస్తరిస్తాంటే దారిలో వెలుగు అలలు కూడా ఇట్లే సాగుతాయి, ఆ సాగుడు కొలతే రెడ్‌షిఫ్ట్. రెడ్‌షిఫ్ట్ 2 అంటే మూడింతలు, రెండింతలు కాదు, ఒకటి కలుపుకోవాల, అందరూ ఇక్కడే జారతారు. లైమన్ ఆల్ఫా 365కి వచ్చి కిటికీలో పడింది, కార్బన్ 465, మెగ్నీషియం 839, మన హెచ్-బీటా ఏమో 1458కి పోయి అవతలికి దూకేసింది! లైమన్ ఆల్ఫా పుట్టినప్పుడే అల్ట్రావయొలెట్, మన దగ్గరికి వచ్చేసరికి కాదు, అంతే గొడవ.

1963లో మార్టెన్ ష్మిట్ అనే ఖగోళ శాస్త్రవేత్త 3సీ 273 అనే క్వేజార్‌లో పట్టింది కూడా ఇదే, ఏవో కొత్త గీతలు కావు, మామూలు హైడ్రోజన్ గీతలే 15.8 శాతం సాగినాయి, ఎంత లాగినా గీతల అలపొడవుల మధ్య నిష్పత్తి మారదు కాబట్టి గుర్తుపట్టినాడు. కానీ అంత తక్కువ సాగితే దాని లైమన్ ఆల్ఫా 141 దగ్గరే ఉండిపోతాది, కిటికీలోకి రాదు, దానికి హబుల్ లాంటిది పైకి పోవాల్సిందే.

టైం అయిపోతాంది, గబగబా చెప్తా. ఈ గీతలు సన్నంగా ఉండవు, బ్లాక్ హోల్ చుట్టూ గ్యాస్ సెకనుకు వేల కిలోమీటర్ల స్పీడులో తిరుగుతాది కాబట్టి సరుకు మన వైపు కొంత, అవతలికి కొంత పోయి, ఇంకు పీల్చిన గీత మాదిరి లావైతాది, ఆ లావును బట్టే బ్లాక్ హోల్ బరువు లెక్కేస్తారు. అయితే కార్బన్ గీత మోసగత్తె, చానా క్వేజార్లలో అది ఉండాల్సిన చోటు నుంచి నీలం వైపు జరిగి ఉంటాది, ఆ గ్యాస్ గాలి మాదిరి మన వైపు ఎగజిమ్ముతాంది అంటారు, ఎలాస్టిక్ మీద ఒక్క గీత తడిగా ఉండి జారినట్ల. అందుకే రెడ్‌షిఫ్ట్ కావాలంటే మెగ్నీషియం గీత చూడండి, కార్బన్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు... అబ్బా, తెగింది ఎలాస్టిక్కు.