ఫోన్-ఇన్: ఆఫీసు సర్వర్‌కి సర్టిఫికెట్ మనమే చేసుకుంటే

యాంకర్: హలో, చెప్పండి, ఎక్కడి నుంచి?

కాలర్: చీమకుర్తి నుంచి మేడమ్. గ్రానైట్ ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటాను. మా స్టాక్ లెక్కంతా ఆఫీసులో ఒకే కంప్యూటర్‌లో ఉంటుంది. యార్డులో కుర్రాళ్లు ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, స్లాబు మీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అది ఏ బ్లాక్‌ది, సైజెంత, ఎవరి ఆర్డర్ అన్నీ రావాలి. కానీ కెమెరా తెరుచుకోవడం లేదు సార్. పర్మిషన్ కూడా అడగడం లేదు.

నిపుణుడు: అడ్రస్ ఎట్లా కొడుతున్నారు తమ్ముడూ? హెచ్‌టీటీపీ పక్కన ఎస్ ఉందా?

కాలర్: మొన్నటిదాకా లేదు సార్. ఉత్త హెచ్‌టీటీపీ, తర్వాత 192.168.1.10.

నిపుణుడు: అదే కారణం. హెచ్‌టీటీపీఎస్, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసిన కనెక్షన్, లేని పేజీకి బ్రౌజర్ కెమెరా ఇవ్వదు, మైకూ ఇవ్వదు. అదే కంప్యూటర్ మీద లోకల్‌హోస్ట్, అంటే 'ఈ కంప్యూటరే' అని కొట్టి తెరిస్తే మాత్రం మినహాయింపు ఉంది, అందుకే నీ టేబుల్ దగ్గర పనిచేసేది యార్డులోకి పోయేసరికి పనిచేయదు.

కాలర్: అంతే సార్, నా దగ్గర బాగానే వస్తుంది! హెచ్‌టీటీపీఎస్‌కి సర్టిఫికెట్ కావాలన్నారు, కొనాలేమోనని ఒంగోల్లో ఒకరిని అడిగాను కూడా.

నిపుణుడు: సర్టిఫికెట్ అంటే ఈ అడ్రస్ ఈ సర్వర్‌దేనని బ్రౌజర్‌కి చూపించే ధ్రువపత్రం. నీ అడ్రస్‌కి డబ్బు పెట్టినా రాదు. 192.168తో మొదలయ్యే నంబర్లు ఊళ్లో ప్రతి ఇంటి వైఫైలోనూ ఉంటాయి, అది నీదేనని ఎవరు ధ్రువీకరిస్తారు? సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ కూడా ఇవ్వదు. ఇట్లాంటి చోట మన సర్టిఫికెట్ మనమే చేసి, మనమే సంతకం పెట్టుకోవాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రామ్‌తో చేయొచ్చు, నేను ఏళ్లపాటు దాంతోనే చేశాను, కానీ పేరుని సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే చోట పెట్టడం మర్చిపోతే క్రోమ్ 2017 నుంచి ఒప్పుకోవడం లేదు, ఆ ఒక్క తప్పుకే పూటంతా పోతుంది. నీ పనికైతే ఎంకేసర్ట్ చాలు. ఫిలిప్పో వల్సోర్డా అనే ఆయన గో భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్, ఉచితం.

కాలర్: నిన్న అదే వేశాను సార్. ఎంకేసర్ట్, స్పేస్, హైఫన్ ఇన్‌స్టాల్ అని ఒకసారి, ఎంకేసర్ట్ పక్కన ఐపీ నంబర్ పెట్టి ఇంకోసారి. రెండు ఫైళ్లు వచ్చాయి, సర్వర్‌కి పెట్టాను, నా కంప్యూటర్‌లో వార్నింగ్ పోయింది. ఫోన్లలోనే ముగ్గురికి వస్తోంది, మిగతావాళ్లకి ఎర్రగా వార్నింగ్ వస్తోంది.

నిపుణుడు: మొదటి కమాండ్‌తో నువ్వు చేసింది ఒక రబ్బరు స్టాంపు. రెండో దాంతో ఆ స్టాంపు వేసిన కాగితం వచ్చింది. మీ కంప్యూటర్‌కి ఆ స్టాంపు తెలుసు, ఫోన్లకి తెలియదు. అందుకని రూట్‌సీఏ డాట్ పెమ్ అనే ఫైల్ ప్రతి ఫోన్‌లో వేయాలి. ఆ ముగ్గురికి ఎట్లా పంపావు?

కాలర్: ఫోల్డర్‌లో రెండు ఫైళ్లున్నాయి సార్. రెండూ వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

నిపుణుడు: ఆగు. రెండూనా? రెండో దాని పేరులో కీ అని ఉందా?

కాలర్: ఆ... రూట్‌సీఏ హైఫన్ కీ అని ఉంది సార్.

నిపుణుడు: గ్రూపులో ఎంతమంది?

కాలర్: అరవై పైనే. లారీ డ్రైవర్లు, బయ్యర్ల తరఫు మనుషులు కూడా ఉంటారు.

నిపుణుడు: తమ్ముడూ, ఇక కెమెరా సంగతి పక్కన పెడదాం. మొదటి ఫైల్ స్టాంపు నమూనా, ఎంతమంది చూసినా నష్టం లేదు. రెండోది స్టాంపే. అది చేతిలో ఉన్నవాడు ఏ బ్యాంకు పేరుతోనైనా సర్టిఫికెట్ రాసుకోవచ్చు, మీ వైఫై మధ్యలో కూర్చుంటే ఆ ముగ్గురి ఫోన్లలో బ్రౌజర్ దాన్ని అసలు బ్యాంకు పేజీ అనే నమ్ముతుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మామూలుగా మనం వేసిన స్టాంపుల్ని నమ్మవు, బ్రౌజర్ మాత్రం నమ్ముతుంది. నీ కంప్యూటర్ కూడా నమ్ముతుంది, ముందు ప్రమాదం నీకే.

కాలర్: డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేస్తాను సార్.

నిపుణుడు: కొట్టు, కానీ దాంతో సరిపోదు, డౌన్‌లోడ్ చేసుకున్నవాడి దగ్గర ఉండిపోతుంది. ఆ స్టాంపునే చంపేయాలి. ముందు ఎంకేసర్ట్ హైఫన్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టు, అది కంప్యూటర్ నమ్మే జాబితాలోంచి తీసేస్తుంది. ఫైళ్లు మాత్రం అట్నే ఉంటాయి. హైఫన్ సీఏరూట్ అని పెద్ద అక్షరాలతో కొడితే అవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చూపిస్తుంది, ఆ రెంటినీ నువ్వే తీసేయాలి. ఈ వరుస తప్పొద్దు. తర్వాత ఆ ముగ్గురి ఫోన్లు చేతిలోకి తీసుకుని, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యూజర్ సర్టిఫికెట్లు అన్న చోట పాతది తొలగించు. వాళ్లనే చేసుకోమని చెప్పొద్దు, నువ్వే చెయ్. అప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్, మళ్లీ ఐపీకి సర్టిఫికెట్.

కాలర్: ఈసారి పెమ్ ఒక్కటే పంపిస్తాను.

నిపుణుడు: అదీ గ్రూపులో కాదు. స్కాన్ చేసే ఫోన్లలోనే వెయ్. ఆండ్రాయిడ్ అయితే ఇన్‌స్టాల్ ఏ సర్టిఫికెట్, అందులో సీఏ సర్టిఫికెట్ అని ఉంటుంది, ఫైల్ తీసుకోకపోతే చివర సీఆర్‌టీ అని పేరు మార్చి చూడు. ఐఫోన్‌లో ప్రొఫైల్ వేశాక అబౌట్‌లోకి పోయి సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్ కూడా ఆన్ చేయాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు. రౌటర్‌లో ఆ ఐపీని ఆ కంప్యూటర్‌కే కట్టేయి, కరెంటు పోయొచ్చాక నంబర్ మారితే సర్టిఫికెట్ చెల్లదు. సర్టిఫికెట్ గడువు 2 సంవత్సరాల 3 నెలలు, తేదీ గోడ మీద రాసిపెట్టుకో. ఇంకోటి, ఓనర్ గారికి ఈరోజే చెప్పు. తెలియక జరిగింది, చెప్తే అర్థం చేసుకుంటారు.

కాలర్: టెన్షన్‌గా ఉంది సార్. ఇప్పుడే పోతున్నాను.

యాంకర్: ఇంకో కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: కావలి నుంచండీ. మా ఆయన కాంట్రాక్టు పనులు చేస్తారు, లెక్కలు నేనే చూస్తాను. ఇందాక ఆ అబ్బాయి చెప్పిన దాంతో టెండర్లకి వేసే డిజిటల్ సంతకం చేసుకోవచ్చా?

నిపుణుడు: కుదరదమ్మా. ఆ అబ్బాయి స్టాంపు వాళ్ల ఫ్యాక్టరీ లోపలే చెల్లుతుంది. టెండర్‌కి చెల్లాలంటే 2000 నాటి ఐటీ చట్టం కింద కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ లైసెన్స్ ఇచ్చిన సంస్థ నుంచే రావాలి, అది క్లాస్ 3 అనే రకం అయ్యుండాలి. క్లాస్ 2 ఇవ్వడం 2021 జనవరి నుంచి ఆపేశారు.

కాలర్: మాకు ఆ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్, పెన్‌డ్రైవ్ లాంటిది, ఉందండీ. ఆడిటర్ గారి దగ్గరే ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా ఆయనకే తెలుసు.

నిపుణుడు: మీ ఆయన సంతకం వేరేవాళ్ల సొరుగులో ఉందన్నమాట. లోపలి కీ, అంటే సంతకం వేసే ఆ స్టాంపు, బయటికి కాపీ కాకూడదనే దాన్ని టోకెన్‌లో పెడతారు. టోకెనూ పాస్‌వర్డూ ఒకే చోట ఉంటే, మీ ఆయన చదవని కాగితం మీద కూడా ఆయన సంతకం పడుతుంది, తర్వాత నాది కాదంటే వినేవాళ్లుండరు.

కాలర్: ఇన్నేళ్లుగా చేసిపెడుతున్నారు, అడిగితే ఏమనుకుంటారో అండీ.

నిపుణుడు: నమ్మకం లేదని అడగొద్దు. ఇంట్లో పెట్టుకోవాలనుకుంటున్నాం, పని పడినప్పుడు మేమే తెస్తాం అని చెప్పండి. తెచ్చుకోగానే టోకెన్ సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్ మార్చండి. మరీ ఎక్కువసార్లు తప్పు కొట్టొద్దు, లాక్ అయిపోతుంది.

కాలర్: సరేనండీ. సాయంత్రం మా ఆయన్ని వెంటబెట్టుకుని పోతాను.