కుండ, గడియారం, పుట్ట

అందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు కాగితం మధ్య గీత గీసి, ఇటు లామార్క్‌ను, అటు డార్విన్‌ను పెట్టి, తేడాలు రాసి పూర్తి మార్కులు తెచ్చుకునేవారు. నమ్మారా అని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి, ఈ విషయం మీద అమెరికా కోర్టులో నడిచిన ఒక కేసు గురించి చదవడం మొదలుపెట్టాను. నా పాఠం నేనే సరిగా చెప్పలేదని అప్పుడు తెలిసివచ్చింది.

ముందు ఒక మాట చూద్దాం. సిద్ధాంతం. మన తర్కశాస్త్రంలో మొదట పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, వస్తుంది. దానికి జవాబులు చెప్పి, అభ్యంతరాలన్నీ తేలాక చివరికి నిలిచినదాన్ని సిద్ధాంతం అంటారు. ఇంగ్లీషు ‘థియరీ’కి ఆ భాగ్యం లేదు. టీకొట్టు దగ్గర ఎవరికో తోచిన ఊహా థియరీయే, న్యూటన్ గురుత్వాకర్షణా థియరీయే. పరిణామం ‘వట్టి థియరీ’ అని అక్కడ సులువుగా కొట్టిపారేయగలిగారు. ‘వట్టి సిద్ధాంతం’ అని తెలుగులో అని చూడండి, నోరు తిరగదు. మనమూ తక్కువవాళ్లం కాదులెండి. సిద్ధాంతం అనడానికి మనసొప్పక ‘డార్విన్ వాదం’ అని పిలుచుకున్నాం.

ఇక కేసు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో డోవర్ అనే చిన్న ఊరు. అక్కడి పాఠశాల బోర్డు 2004 అక్టోబరు 18న ఆరుగురు ఔనని, ముగ్గురు కాదని ఓటు వేయగా ఒక తీర్మానం చేసింది. దాని ప్రకారం తొమ్మిదో తరగతిలో పరిణామం పాఠానికి ముందు నాలుగు పేరాల ప్రకటన చదవాలి. డార్విన్‌ది ఒక థియరీ, వాస్తవం కాదు. అందులో ఖాళీలు ఉన్నాయి. జీవం పుట్టుకకు ‘ఇంటెలిజెంట్ డిజైన్’ అనే మరో వివరణ ఉంది, అంటే ఏదో ఒక బుద్ధి పనిగట్టుకుని చేసిన రూపకల్పన. ఆసక్తి ఉన్నవారికి ‘ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్’ అనే పుస్తకం అందుబాటులో ఉంది. ప్రకటన సారాంశం ఇంతే. ప్రభుత్వ బడిలో మతాన్ని సైన్సు పేరుతో చొప్పిస్తున్నారు, ఇది అమెరికా రాజ్యాంగానికి విరుద్ధం అంటూ పదకొండు మంది తల్లిదండ్రులు డిసెంబరులో కోర్టుకెక్కారు. 2005 సెప్టెంబరు 26న హారిస్‌బర్గ్‌లో, ఫెడరల్ న్యాయమూర్తి జాన్ జోన్స్ ఎదుట విచారణ మొదలైంది. జ్యూరీ లేదు. ఆయనను ఆ పదవిలో నియమించింది సంప్రదాయవాదుల పక్షమైన రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్. తీర్పు తమవైపే వస్తుందని బోర్డు పక్షం ధీమాగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

డిజైన్ వాదం చాలా పాతది. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ అనే మతాచార్యుడు గడియారం ఉపమానం చెప్పాడు. బీడు మీద నడుస్తుంటే గడియారం దొరికింది. లోపల పళ్లచక్రాలు ఒకదానికొకటి అమరి ఉన్నాయి. చేసినవాడు లేకుండా ఇది వస్తుందా? కన్ను అంతకంటే గొప్ప అమరిక కదా? ఈ మాటను మన నైయాయికులు, అంటే న్యాయదర్శనం తార్కికులు, ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందే అన్నారు, గడియారం బదులు కుండతో. కుండ కార్యం, దానికి కుమ్మరి కర్త. జగత్తూ కార్యమే, కనుక దానికీ కర్త ఉండాలి. ఈ వాదం విని అందరూ తలూపలేదు. ఏడో శతాబ్దంలో బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఒక్క ఉదాహరణతో దాన్ని నిలేశాడు. కుండ మట్టి రూపమే, చేసింది కుమ్మరి. పుట్ట కూడా మట్టి రూపమే. మరి పుట్టను కూడా కుమ్మరే చేశాడందామా?

ఆ పుట్టను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాం.

డోవర్ కేసులో డిజైన్ పక్షాన ప్రధాన సాక్షి మైకేల్ బీహీ, లీహై విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రవేత్త. ఆయన వాదం పేలీ కంటే పదునైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని బాక్టీరియాలకు తోకలాంటి కశాభం ఉంటుంది. దాని మొదట్లో ప్రోటీన్లతో తయారైన మోటారు ఉంటుంది, అది గిర్రున తిరిగి బాక్టీరియాను ఈదిస్తుంది. నేను మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు, ఇంజనీరు గీసిన పటమేమో అనుకున్నాను. అందులో ఒక్క భాగం తీసేసినా అది పనిచేయదు అన్నాడు బీహీ. పనికొచ్చే చిన్న చిన్న మార్పులను తరతరానా నిలబెట్టేది ప్రకృతి వరణం. సగం మోటారుతో ప్రయోజనం లేనప్పుడు అది దాన్ని మెట్టుమెట్టుగా ఎలా కడుతుంది? ఇది న్యాయమైన ప్రశ్న.

జవాబు చెప్పినవాడు కెన్నెత్ మిల్లర్, బ్రౌన్ విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త. డోవర్ పిల్లలు చదివే పాఠ్యపుస్తకం రాసినవాళ్లలో ఆయన ఒకరు. ప్లేగు కలిగించే బాక్టీరియా దగ్గర ఒక సూదిలాంటి పరికరం ఉంది, దాంతో అది మన కణాల్లోకి విషాన్ని ఎక్కిస్తుంది. కశాభం మోటారు పీఠంలో ఉన్న ప్రోటీన్లలో కొన్నింటికి దగ్గరి చుట్టాలు ఈ సూదిలోనూ ఉన్నాయి. అంటే మోటారులో చాలా భాగాలు తీసేసినా మిగిలినది చెత్త కాదు, దానికి వేరే పని ఉంది. ఆ సూది ముందా, ఈ మోటారు ముందా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా చర్చించుకునే విషయమే. కానీ భాగం తీస్తే మిగిలినది నిరుపయోగం అన్న మాట మాత్రం అక్కడితో చెల్లలేదు. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరతాయని మన సామెత. చీమలు పుట్ట పెట్టింది పాముల కోసం కాదు. పాముకు ఆ గుల్లలు సరిగ్గా సరిపోయాయని చూసి, దీన్ని ఎవరో పాము కొలతలు తీసుకుని కట్టారంటే మన ఊళ్లో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఒక పనికి ఏర్పడినది మరో పనికి వాడుకలోకి రావడం పరిణామంలో అడుగడుగునా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మిల్లర్ చెప్పిన క్రోమోజోముల లెక్క. దీన్ని క్లాసులో చెప్పనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 48 క్రోమోజోములు. మనకు 46. మనమూ అవీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చామంటే ఒక జత ఏమైంది? పూర్తిగా పోయే అవకాశం లేదు, అన్నేసి జన్యువులు ఒక్కసారే పోతే పిండం బతకదు. మిగిలింది ఒకటే దారి, రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటై ఉండాలి. అలా అతుక్కుంటే గుర్తు మిగలాలి.

రెండు పాత పుస్తకాలను ఒకే బైండు వేయించారనుకోండి. కొత్త పుస్తకం మధ్యలో తెరిస్తే, మొదటి పుస్తకం వెనక అట్ట, రెండో పుస్తకం ముందు అట్ట ఎదురెదురుగా కనిపిస్తాయి. క్రోమోజోముకూ కొనల్లో ఇలాంటి అట్టలు ఉంటాయి, వాటిని టెలోమియర్లంటారు. టీ-టీ-ఏ-జీ-జీ-జీ అనే ఆరక్షరాల వరుస అక్కడ మళ్లీ మళ్లీ వస్తుంది. మన క్రోమోజోముల్లో ఏదో ఒకదాని నడుమ, ఉండకూడని చోట, ఈ కొనల అక్షరాలు ఎదురెదురుగా కనిపించాలి. నడుముకట్టులాంటి సెంట్రోమియర్ ఒక్కటి కాకుండా రెండోదాని ఆనవాలు కూడా దొరకాలి. దొరకకపోతే ఉమ్మడి పూర్వీకుల కథ చిక్కుల్లో పడుతుంది. వెతికారు. అతుకు 1991లోనే బయటపడింది, మన రెండో క్రోమోజోములో. సరిగ్గా ఆ అక్షరాలే, కాలంతో కొంత చెదిరి. పనిచేయని రెండో సెంట్రోమియర్ ఆనవాలు కూడా అక్కడే ఉంది.

ఇదంతా డిజైనరే అలా చేశాడు అనవచ్చు. అనేవాళ్లు ఉన్నారు. అప్పుడు నా ప్రశ్న: అతుకు లేకపోయి ఉంటే ఏమనేవారు? అప్పుడూ డిజైనరే అనేవారు. ఏది కనిపించినా చెల్లిపోయే వివరణకు పరీక్షలో తప్పే భయం లేదు, గెలిచే గౌరవమూ లేదు.

బీహీని అడ్డుప్రశ్నలు వేసినప్పుడు రెండు ఘట్టాలు జరిగాయి. రోగనిరోధక వ్యవస్థ ఎలా పరిణమించిందో శాస్త్ర సాహిత్యంలో జవాబు లేదని ఆయన అంతకుముందు రాశాడు. తల్లిదండ్రుల తరఫు న్యాయవాది ఆ విషయం మీదే వచ్చిన 58 పరిశోధనా పత్రాలు, తొమ్మిది పుస్తకాలు, కొన్ని పాఠ్యపుస్తకాల అధ్యాయాలు తెచ్చి ఆయన ముందు పేర్చాడు. ఇవి చాలవు అన్నాడు బీహీ. ఇక రెండోది. డిజైన్ వాదాన్ని సైన్సు లెక్కలోకి తేవడానికి మీరు ఇస్తున్న నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్ర సిద్ధాంతం అవుతుందా అని అడిగితే, అవుతుందని ఒప్పుకోవలసి వచ్చింది.

ఇక్కడ హైదరాబాదు గుర్తుకు రాక మానదు. అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని విజ్ఞానశాస్త్రంగా బోధించాలన్న యూజీసీ నిర్ణయాన్ని సవాలు చేస్తూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. 2001లో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లి 2004లో అక్కడా ఓడిపోయారు. ఏది బోధించాలో నిపుణుల సంస్థలు చూసుకుంటాయి, మేము కలగజేసుకోం అన్నది కోర్టు వైఖరి. డోవర్ తీర్మానం జరిగింది అదే ఏడాది. పెన్సిల్వేనియా న్యాయమూర్తి మాత్రం నిపుణులందరినీ బోనెక్కించి, వారాల తరబడి విని, ఇది సైన్సేనా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాశాడు. కోర్టులు ఆ పని చేయాలా వద్దా అన్నది వేరే చర్చ. నాకు భార్గవగారి ఓటమి మీద బాధ మాత్రం తీరలేదు.

ఆ పాండాల పుస్తకం సంగతి చెప్పాలి. 1987లో అమెరికా సుప్రీంకోర్టు, బైబిలు ప్రకారం సృష్టివాదాన్ని పాఠశాలల్లో సైన్సుగా చెప్పించే లూసియానా చట్టాన్ని కొట్టేసింది. డోవర్ కేసులో ఆ పుస్తకం ముసాయిదాలు కోర్టుకు వచ్చాయి, తత్త్వశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ఫారెస్ట్ వాటిని పక్కపక్కన పెట్టి చూశారు. 1987 తీర్పు తరువాత ‘సృష్టి’ అన్న చోటల్లా, సుమారు 150 చోట్ల, ‘డిజైన్’ అని మార్చారు. ఒకచోట ‘క్రియేషనిస్టులు’ తీసి ‘డిజైన్ సమర్థకులు’ పెట్టబోయి, పాత మాట తలా తోకా అలాగే వదిలేశారు. ఇంగ్లీషులో ఏ నిఘంటువులోనూ లేని సంకరపదం ఒకటి పుట్టింది. సున్నం కొట్టిన గోడ మీద పోయిన ఎన్నికల గుర్తు తేలినట్టు. పరిణామాన్ని కాదనే పుస్తకంలోనే మధ్యంతర రూపం దొరికిందని జీవశాస్త్రవేత్తలు ఇప్పటికీ నవ్వుకుంటారు.

వితండవాదం అని మనం రోజూ అంటాం, మొండివాదన అనే అర్థంలో. తర్కశాస్త్రంలో దానికి కచ్చితమైన లక్షణం ఉంది. తన పక్షాన్ని స్థాపించకుండా ఎదుటివాడి పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకునేది వితండ. డోవర్ ప్రకటనను ఈ గీటురాయి మీద గీయండి. డార్విన్‌లో ఖాళీలు ఉన్నాయి, సరే. మీ డిజైనరు ఎవరు? ఎప్పుడు చేశాడు? ఏ పద్ధతిలో? ఒక్కదానికీ జవాబు లేదు, చెప్పే పని తమది కాదంటారు.

ఇక్కడ కొందరు చెవులు రిక్కిస్తున్నారు, దేవుడి మీదకు వస్తాడేమోనని. రాను. మిల్లర్ ఆచరించే క్యాథలిక్. కేసు వేసిన తల్లిదండ్రుల్లో చర్చికి వెళ్లేవాళ్లు ఉన్నారు. డిజైన్ వాదం అబద్ధమా నిజమా అన్నది తన ముందున్న ప్రశ్న కాదని, అది సైన్సు కాదని మాత్రమే న్యాయమూర్తి రాశాడు. మన దగ్గర గొడవ వేరే రూపంలో వస్తుంది. 2019లో సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి, డార్విన్ కంటే దశావతారాలు మెరుగైన సిద్ధాంతం అన్నారు. మత్స్యం, కూర్మం, వరాహం అని వరుస పెడితే వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అది నిచ్చెన. పరిణామం మర్రిచెట్టు. చేప తాబేలుగా మారి, తాబేలు పందిగా మారలేదు, మూడూ వేరువేరు కొమ్మలు. పైగా అవతారాల్లో మారేది ఒకే విష్ణువు, ఒక రూపం మరో రూపాన్ని కనదు. పురాణాన్ని పురాణంగా చదివితే దానికి మర్యాద.

2005 డిసెంబరు 20న 139 పేజీల తీర్పు వచ్చింది. ప్రకటన రాజ్యాంగ విరుద్ధం. అప్పటికే నవంబరు ఎన్నికల్లో ఊరివాళ్లు ఆ బోర్డును ఇంటికి పంపారు. కొత్త బోర్డు అప్పీలుకు వెళ్లలేదు. లాయర్ల ఖర్చుల కింద పది లక్షల డాలర్లు పాఠశాలల ఖజానా నుంచి పోయాయి.

నన్ను వెంటాడేది మాత్రం తీర్పు కాదు, 2005 జనవరిలో ఆ తరగతి గది. జీవశాస్త్రం ఉపాధ్యాయులు ప్రకటన చదవబోమని రాసిచ్చారు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని అందులో పెద్దక్షరాల్లో రాశారు. అప్పుడు పాఠశాల అధికారులే వచ్చి పిల్లలకు చదివి వినిపించారు. టీచర్లు బయటికి నడిచారు, వారితో కొందరు పిల్లలు కూడా. చదవడం అయ్యాక, దీని మీద చర్చ ఉండదని, ఉపాధ్యాయులు ప్రశ్నలకు జవాబు చెప్పరని అధికారులు పిల్లలకు చెప్పారు. అన్ని పక్షాలూ పిల్లలకు తెలియాలన్న పేరుతో మొదలైన పని అది.

నేను చెప్పవలసింది అయింది. మైకు వెనక వరుసల దాకా వస్తుంది. అడగండి.