పది నిమిషాల గుండె స్కాన్

శ్రోతలకు నమస్కారం. థలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు, ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించే ఒక్కో బ్యాగుతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని తనంతట తాను వదిలించుకునే దారి మన శరీరానికి లేదు. అది కాలేయంలో, గుండెలో పేరుకుపోతుంది. గుండెలో ఎంత చేరిందో రక్తపరీక్ష సరిగ్గా చెప్పలేదు. ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్‌లో, తేడా కనబడేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ముందుగా పట్టిచ్చేది ఎంఆర్‌ఐ.

అందులో టీ2 స్టార్ అనే కొలత ఉంది. అది 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే గుండెలో ఇనుము ఉన్నట్టు, 10 కంటే తగ్గితే ప్రమాదం దగ్గర పడ్డట్టు. అప్పుడే ఇనుమును బయటికి పంపే మందు మోతాదు పెంచితే గుండె మళ్లీ తేరుకుంటుంది. లండన్ డాక్టర్లు 2001లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఆ తర్వాత బ్రిటన్‌లో థలసీమియా మరణాలు బాగా తగ్గాయి. దీనికి రంగు ఇంజెక్షన్ అక్కర్లేదు, ఎక్స్‌రే కిరణాల భయం లేదు.

మరి ఇంత మేలు చేసే పరీక్ష మన పిల్లలకు ఎందుకు అందడం లేదు? మెషీన్ ఖరీదు ఒక కారణం. పాత తరహా మెషీన్‌లో అయస్కాంతాన్ని చల్లగా ఉంచడానికి వెయ్యి లీటర్లకు పైగా ద్రవ హీలియం కావాలి, దాన్ని మనం దిగుమతి చేసుకుంటాం. రెండో కారణం సమయం, నాకు ఇదే పెద్దదనిపిస్తుంది. పూర్తి గుండె స్కాన్‌కు ముప్పావుగంట, గంట పడుతుంది. ఆలోపు మోకాళ్లు, వెన్నుపూసల స్కాన్లు రెండు మూడు అయిపోతాయి కాబట్టి గుండె వెనకబడిపోతుంది. 2016లో లండన్, థాయ్‌లాండ్ డాక్టర్లు కలిసి, అవసరమైన బొమ్మలు మాత్రమే తీస్తే ఇనుము కొలవడం పది నిమిషాల్లోపే అయిపోతుందని చూపించారు. ఒక్క పేషెంట్ పట్టే గంటలో ఐదారుగురు పిల్లలకు చేయొచ్చన్నమాట!

మెషీన్ విషయంలోనూ మంచి కబురు ఉంది. బెంగళూరులోని వోక్సెల్‌గ్రిడ్స్ కంపెనీ ద్రవ హీలియం అక్కర్లేని ఎంఆర్‌ఐ తయారుచేసింది. దాన్ని పెట్టింది మహారాష్ట్రలోని మన చంద్రపూర్ క్యాన్సర్ ఆసుపత్రిలోనే. క్యాన్సర్ రోగుల కోసం వచ్చిన మెషీనే అయినా, ఇలాంటివి జిల్లాల్లోకి రాగలవని అది చూపించింది.

అయితే ఎంఆర్‌ఐ ఉన్న ప్రతి చోటా గుండె స్కాన్ చేయరు. దానికి వేరే సాఫ్ట్‌వేర్, గుండె స్కాన్ తెలిసిన టెక్నీషియన్, బొమ్మ చదివే డాక్టర్ ఉండాలి. ఇంకొకటి కూడా ఉంది, చిన్నదే కానీ గట్టిది. పేషెంట్ ఛాతీకి ఈసీజీ పట్టీలు అంటించి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి లోపలికి పంపుతారు. గుండె లయను బట్టి, ఊపిరి బిగబట్టిన పది పదిహేను సెకన్లలో బొమ్మ తీస్తారు. హెడ్‌ఫోన్‌లో 'శ్వాస్ రోఖూన్ ధరా' అని మరాఠీలో వినబడితే, గడ్చిరోలి జిల్లా చివర, తెలంగాణ సరిహద్దులో ఉన్న సిరోంచ నుంచి వచ్చిన తెలుగు పిల్లాడికి ఏం తెలుస్తుంది? ఆ మెషీన్ చప్పుడుకే బెదిరిపోయి ఉంటాడు. ఊపిరి పీలుస్తాడు, బొమ్మ అలికినట్టవుతుంది, మళ్లీ మొదటికి. తెలుగులో, ఇక్కడి గిరిజన భాషలైన గోండీలో, మాడియాలో 'ఊపిరి బిగబట్టు నాన్నా, ఇక వదులు' అని ఒక్కసారి రికార్డు చేసి పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు కదా! పిల్లలకు ఇంట్లోనే ఊపిరి బిగబట్టడం నేర్పించి పంపితే ఇంకా మంచిది.

జిల్లా అధికారులను నేను కోరేది ఒక్కటే. ఎంఆర్‌ఐ ఉన్న సెంటర్‌లో నెలకొక రోజు ఈ పిల్లలకు కేటాయించండి. గడ్చిరోలి జిల్లా కేంద్రానికే సిరోంచ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, గోదావరి దాటి వరంగల్ వెళ్దామంటే మహారాష్ట్ర రేషన్ కార్డుకు అక్కడ ఆరోగ్యశ్రీ వర్తించదు. అందరినీ ఒకే బస్సులో తీసుకెళ్లి, అదే రోజు రిపోర్టు ఇచ్చి పంపండి.

తల్లిదండ్రులారా, మామూలుగా ఈ పరీక్ష పదేళ్ల వయసు దగ్గర మొదలుపెడతారు. మీ పిల్లవాడికి రక్తం ఎక్కించే డాక్టర్‌ను ఈసారి వెళ్లినప్పుడే టీ2 స్టార్ గురించి అడగండి. పిల్లవాడి ఒంట్లో లోహపు ముక్కలేవైనా ఉంటే ఆ మాటా ముందే చెప్పండి.